తొలి శ్రుతి మా ఇంటిది

దెయ్యాలను నమ్మడం మా ఇంట్లో నామోషీ. పొలాలు పోయినప్పుడూ, ఆ తర్వాత ఊరంతా దివాణం అని పిలిచే మా పెద్దిల్లు చేతులు మారినప్పుడూ ఊళ్లో చాలామంది ఏదో గాలి సోకిందన్నారు. ఎవరో ఏదో చేయించారన్నారు. మా నాన్నగారు ఒప్పుకోలేదు. "పోగొట్టుకున్నది మేమండీ. అందులో దెయ్యాలకి వాటా ఇవ్వను" అనేవారు.

నేను ఆయన కూతుర్ని. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్సు చెప్పి మానేశాను. తాయెత్తు కట్టించుకోలేదు, దిష్టి తీయించుకోలేదు. పోయిన మావాళ్లు ఫోటోల్లోంచి చూస్తుంటారని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. కాబట్టి ఇప్పుడు రాయబోయేది చదివి నాకు వయసు మీదపడి చాదస్తం పట్టిందనుకోవద్దు. ఇది జరిగింది చీకట్లో కాదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా జరిగింది.

పెనుగొండ దాటి కాలువ గట్టు వెంట కొంతదూరం వెళితే మా ఊరు వస్తుంది. పేరు రాయను. తెలిసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. మా తాతగారికి అక్కడ సొంత నాటక సమాజం ఉండేది. మా మాగాణి అంతా తెరలుగా, కిరీటాలుగా, జరీ పంచెలుగా మారిపోయింది. అందుకు మేమెప్పుడూ సిగ్గుపడలేదు. తాగి పోగొట్టలేదు, పేకాడి పోగొట్టలేదు. చుట్టుపక్కల ఊళ్లు తెల్లవార్లూ కూర్చుని పద్యాలు విన్నాయి. ఆస్తికి అంతకన్నా మంచి చావు ఏముంటుంది?

అన్నీ పోగా, ఊళ్లో చిన్న ఇంటి వాటా కాక, మాకు మిగిలింది ఒక్క హక్కు. షష్ఠి తీర్థంలో, అంటే మా ఊరి జాతరలో, వేదిక మీద ఏది మొదలవ్వాలన్నా ముందు ఒక ప్రార్థన పద్యం పాడతారు. ఆ పద్యానికి శ్రుతి మా ఇల్లు ఇవ్వాలి. రాగం వాయించక్కర్లేదు. హార్మోనియం మీద సా, పా రెండూ నొక్కి ఉంచి, కాలితో తిత్తి తొక్కుతూ ఉండటమే. పద్యం కాగానే లేచి వచ్చేస్తాం. ఆ తర్వాత ఎవరు ఏం వాయించుకున్నా మాకు పట్టదు. వేదికకు కుడిపక్కన వేసే చెక్క బల్లను ఇప్పటికీ దివాణం బల్ల అంటారు.

ఆచారంలో రెండే మాటలున్నాయి. వాద్యం మా సొంతమై ఉండాలి, అరువు తెచ్చింది కాకూడదు. కూర్చునే మనిషి మా ఇంటి మనిషై ఉండాలి.

తాతగారి శ్రుతి గురించి ఒక మాట చెప్పాలి. నేను పుట్టకముందే ఆయన పోయారు కాబట్టి ఇది విన్నదే. గాయకుడు రాగం ఎత్తుకోబోయే ముందే శ్రుతి ఒక్క పిసరు ఉబికేదట. అతనికి ఊపిరి చాలని చోట కిందనుంచి ఎత్తి పట్టేదట. చివర్న పాట ఆగాక కూడా సన్నటి దారంలా ఇంకాస్త సాగి, అప్పుడు ఆరిపోయేదట. పాతకాలపు నాటకాలవాళ్లు దానికి 'దివాణం గాలి' అని పేరు పెట్టారు. నాన్నగారికి అది రాలేదు. నాకూ రాలేదు. వచ్చిందని మేమెప్పుడూ చెప్పుకోలేదు.

నాన్నగారి తర్వాత ఆ బల్ల మీద నేను కూర్చుంటూ వచ్చాను. నాకు యాభై దాటాయి. అయినా ఆ ఊళ్లో నేను 'అమ్మాయిగారి'నే.

తర్వాత హార్మోనియానికి చెద పట్టింది. ఊళ్లో మిగిలిన చిన్న వాటాలో, తాళం వేసిన గదిలో ఉంచడం వల్ల నెలల తరబడి తెలియలేదు. తెలిసేసరికి పెట్టె గుల్లయింది, తిత్తుల తోలు ఎలుకలు కొట్టేశాయి. బాగుచేసేవాళ్లు చూసి దణ్ణం పెట్టారు. కాలితో తొక్కే టేకు పలక ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఈ సంగతి తీర్థం కమిటీకి తెలిసింది. కమిటీ ప్రెసిడెంటుగారు రాజమండ్రిలో మా ఫ్లాటుకు వచ్చారు. ఆయనది బియ్యం వ్యాపారం. చాలా మర్యాదస్తుడు. మర్యాదగా చెప్పినప్పుడు కొన్ని మాటలు మరీ లోతుగా దిగుతాయి.

"హార్మోనియం పాడైపోయిందని విన్నామండి అమ్మాయిగారూ."

"సరిగ్గానే విన్నారండి."

"అందుకని ఈసారి తొలి శ్రుతి కీబోర్డు మాస్టారితో ఇప్పించేద్దామనుకుంటున్నామండి. మీరేం శ్రమపడకండి. ముందు వరసలో కుర్చీ వేయిస్తాం. శాలువా కప్పుతాం."

"శాలువాలు మా బీరువాలో ఉన్నాయండి."

ఆయన కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "అది కాదండీ. ఈసారి బల్ల ఖాళీగా ఉంటే హక్కు వదులుకున్నట్టేనని పెద్దలు అంటున్నారండి. ఇది నా మాట కాదండి."

"వాద్యం మాది కావాలి, మనిషి మావాళ్లు కావాలి. అంతేగా?"

"ఆయ్, అంతేనండి."

"రెండూ వస్తాయి. బల్ల తుడిపించి ఉంచండి."

ఆయన వెళ్లాక మా వారు తలుపు గడియ పెట్టి నా వైపు చూశారు. మా వారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. దేనికీ తొందరపడే మనిషి కాదు.

"ఏం పట్టుకెళ్తావ్? ఆ తీగల పెట్టేనా?"

"ఆ పెట్టే."

"బావుంది. తీర్థంలో జెయింట్ వీలు పక్కన పెడితే జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తారు."

ఆ పెట్టె సంగతి ఇప్పుడు చెప్పాలి. హార్మోనియం పోయాక నా చేతులు ఊరుకోలేదు. కిట్లు తెప్పించుకుని, డైనింగ్ టేబులు మీద సోల్డరింగు చేసుకుంటూ ఒక మాడ్యులర్ సింథసైజర్ తయారుచేసుకున్నాను. పేరు పెద్దదే గానీ అది ఒకే వాద్యం కాదు. చిన్నచిన్న పరికరాలు ఒక చట్రంలో పక్కపక్కన బిగించి ఉంటాయి. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది. ఒకటి స్వరం పుట్టిస్తుంది, ఒకటి దాని గరుకు తగ్గిస్తుంది. వాటిని తీగలతో మనమే కలుపుకోవాలి. తీగ గుచ్చకపోతే పక్కనే ఉన్నా ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

వాటిలో చూడటానికి అన్నిటికన్నా పేదగా ఉండేది వోల్టేజ్ కంట్రోల్డ్ యాంప్లిఫయర్. వీసీఏ అంటారు. డెల్టావాళ్లకు దాన్ని వివరించడం తేలిక. కాలువలో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. తూము తలుపు ఎత్తితే పొలం బోదెలోకి పారతాయి, దించితే ఆగుతాయి. స్వరం పుట్టించే పరికరానికి ఊరుకోవడం తెలియదు. కరెంటు ఉన్నంతసేపూ లోపల మోగుతూనే ఉంటుంది. వీసీఏ దాని దారిలో ఉండే తూము. ఆ తలుపును ఎత్తేది చెయ్యి కాదు, ఇంకో తీగ మీద వచ్చే వోల్టేజి. అది పెరిగితే తలుపు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. అసలు రాకపోతే మూసుకునే ఉంటుంది.

కొన్ని వీసీఏలకు తలుపును చేత్తో కాస్త తెరిచి ఉంచే మీట కూడా ఉంటుంది. నేను చేసుకున్నదానికి అది పెట్టలేదు. పైగా కంట్రోలు తీగ గుచ్చనప్పుడు ఆ రంధ్రం లోపల తనంతట తానే గ్రౌండుకు కలిసిపోయేలా చేశాను. అంటే సున్నా వోల్టు. బయటి కరెంటు ప్రభావం కూడా అందులోకి దూరదు. దయచేసి ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి.

నాకు కావలసింది సా, పా మాత్రమే. రెండు స్వరాలనూ కలిపి వీసీఏలోకి పంపాను. ఇక తిత్తి కావాలి. చెద తినని ఆ టేకు పలక కింద వోల్టేజి మార్చే చిన్న మీట బిగించి, దానినుంచి ఒక తీగ వీసీఏకు ఇచ్చాను. పలక తొక్కితే శ్రుతి పెరుగుతుంది, కాలు వదులు చేస్తే తగ్గుతుంది. రోజూ సాధన చేశాను. నాన్నగారి స్థాయికి వచ్చింది. అంతకు మించి రాలేదు. అది చాలనుకున్నాను.

తీర్థం రోజు మధ్యాహ్నమే ఊరు చేరాం. ప్రార్థన పద్యం ఎప్పుడూ పొద్దు వాలకముందే అయిపోతుంది. ఎండ ఇంకా వేదిక మీద పడుతోంది. జీళ్ల కొట్ల ముందు జనం, రంగుల రాట్నం దగ్గర జనం, వేదిక ముందు చాపల మీద అంతకన్నా ఎక్కువ జనం. అమ్మాయిగారు ఏదో మిషను తెస్తున్నారన్న వార్త మాకన్నా ముందే అక్కడికి చేరిపోయినట్టుంది.

పెట్టె మూత తీయగానే తీగలు చూసి ముందు వరసలో ఒకాయన లేచాడు.

"ఇదేంటండీ బాబూ, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మోసుకొచ్చేశారూ?"

"కాదెహె, ఓట్ల మిషను. ఏ గుర్తుకి నొక్కాలండీ అమ్మాయిగారూ?"

"నోర్ముయ్యండ్రా, దివాణం మనిషి ఆవిడ!" అని వెనకనుంచి ఒక ముసలావిడ కేకేసింది. ఆ సమర్థింపు ఆ వేళాకోళం కన్నా కష్టంగా అనిపించింది. నడుము నిటారుగా పెట్టి తీగలు కలుపుకున్నాను. మైకు సెట్టు ఆయనతో లైను కలిపించుకుని, పలక తొక్కి చూశాను. శ్రుతి వచ్చింది, కాలు తీస్తే ఆగింది. ఆయన సౌండు సరిచేసి, "ఇంక దీన్ని ముట్టుకోనండి" అని బజ్జీల బండి వైపు వెళ్లారు.

పద్యం పాడవలసింది సూరిబాబుగారు. చిన్నతనంలో మా తాతగారి సమాజంలో సింహాసనం వెనక ఈటె పట్టుకుని నిలబడిన మనిషి. తర్వాత రాజు వేషాలతో పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు పెద్దవారైపోయారు. ఈమధ్య ఆయాసం. వేదిక ఎక్కే మూడు మెట్లకే ఆగి ఆగి వచ్చారు.

"అమ్మాయిగారూ, నా ఊపిరి తెగితే మీ పెట్టె పట్టుకుంటుందాండీ?"

"నా కాలు ఉందండి."

"మీ కాలు సంగతి నాకు తెలియదేంటండీ, నాన్నగారి కాలే కదా!" అని నవ్వారు. నవ్వుకే దగ్గొచ్చింది. ఆయన నాన్నగార్ని అన్నదానికి కోపం రావలసింది. నిజం కాబట్టి మింగాను.

తర్వాత వాద్యపూజ. అది లేకుండా మా ఊళ్లో ఏ వాద్యమూ పలకదు. పంతులుగారు కొబ్బరికాయతో, పళ్లెంతో వచ్చి పెట్టె ముందు నిలబడిపోయారు.

"ఇన్ని తీగలేంటమ్మా? బొట్టు ఎక్కడ పెట్టను? దండ ఎలా వెయ్యను?"

హార్మోనియానికైతే ముందు భాగమంతా ఖాళీగా ఉంటుంది. బంతిపూల దండ అడ్డంగా చుట్టేస్తారు. నా పెట్టెకు ముందువైపే తీగలన్నీ. దండ మాత్రం హార్మోనియం కొలతకే కట్టించారు, నా చెయ్యంత లావు. మా వారు పక్కనుంచి, "పెళ్లికూతురిక్కూడా ఇంత దండ వెయ్యరు పంతులుగారూ" అన్నారు. అడ్డం వస్తున్న తీగను, అంటే పలక నుంచి వీసీఏకు వెళ్లే తీగను, ఊడదీసి దండ పట్టడానికి చోటిచ్చాను. పంతులుగారు దండ చుట్టారు, కుంకుమ పెట్టారు, కాయ కొట్టారు.

సరిగ్గా అప్పుడే కీబోర్డు మాస్టారు దగ్గరికి వచ్చారు. కుర్రతనం పోని మనిషి, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా.

"మేడమ్, ఒకవేళ మధ్యలో ఆగిపోతే కంగారు పడకండి. హార్మోనియం టోను పెట్టుకుని రెడీగా ఉంటాను."

"ఉండండి. రెండో పద్యం నుంచి మీదే కదా."

ఆ మాట అని, వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. పలక మీద కాలు పెట్టాను. సూరిబాబుగారు కళ్లు మూసుకున్నారు. చాపల మీది నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు.

నేను పలక నొక్కబోయేలోపే శ్రుతి వచ్చింది.

సన్నగా, ఎక్కడినుంచో నీళ్లు పాకి వస్తున్నట్టు వచ్చింది. నా కాలు తొందరపడిందనుకున్నాను. సూరిబాబుగారు కళ్లు తెరిచి పెట్టె వైపు ఒక్కసారి చూసి, గొంతు ఎత్తారు. ఆయన ఎత్తడానికి ముందే శ్రుతి ఉబికింది. ఉబికి, ఆయన్ని పైకి తీసుకెళ్లింది. నేను తొక్కుతూనే ఉన్నాను. కానీ నా కాలికీ చెవికీ పొంతన కుదరడం లేదు. నేను నొక్కేసరికి శ్రుతి ముందే నిండి ఉంటోంది. నేను వదిలేసరికి అది ముందే వాలిపోయి ఉంటోంది. నా కాలు వెనకబడింది, శ్రుతి వెనకబడలేదు.

పద్యం చివరి పాదంలో రాగం తీయాలి. అక్కడే అందరికీ భయం. ఆయన ఎత్తుకున్నారు, సగంలో ఊపిరి తెగింది. గొంతు ఆగిన ఆ ఖాళీలోకి శ్రుతి పొంగింది. పెద్దగా కాదు, పడబోయే మనిషికి భుజం అందించినంత. ఆయన దాని మీద ఆనుకుని గాలి పీల్చుకుని మళ్లీ అందుకున్నారు. వినేవాళ్లకు తెగిన చోటు తెలియలేదు. తీశారు, తీశారు, ఈమధ్య కాలంలో ఎవరూ విననంత పొడుగున రాగం తీశారు. ఆయన ఆగాక శ్రుతి ఒక్కటే మిగిలింది. దారంలా సాగి, సాగి, ఆరిపోయింది.

ఒక్క క్షణం రంగుల రాట్నం కిర్రుమనడం వినబడింది. తర్వాత జనం లేచారు.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఓట్ల మిషను అన్నాయన తువ్వాలు గాల్లో తిప్పుతున్నాడు. సూరిబాబుగారు మైకు పట్టుకుని, "దివాణం గాలి! ఇది దివాణం గాలండీ! చిన్నప్పుడు విన్నాను, మళ్లీ ఇవాళ విన్నాను!" అన్నారు. పెద్దవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. ప్రెసిడెంటుగారు వేదిక పక్క కర్ర పట్టుకుని కొయ్యబారినట్టు నిలబడి ఉన్నారు.

నేను మొహం మామూలుగా పెట్టుకుని, జారిన దండ సరిచేద్దామని చెయ్యి పెట్టాను. బంతిపూల మధ్య తీగ కొస వేళ్లకు తగిలింది.

అది ఎక్కడా గుచ్చి లేదు. పూజకు ముందు నేను ఊడదీసింది ఊడదీసినట్టే పడి ఉంది. వీసీఏ రంధ్రం ఖాళీగా ఉంది. నేను ఇంతసేపూ తొక్కింది దేనికీ కలపని ఒక చెక్క పలకను.

అవతల జనం అరుస్తున్నారు. సూరిబాబుగారు మళ్లీ గొంతు సవరించుకుంటున్నారు. తీగ నా వేళ్ల మధ్య ఉంది, గుచ్చడానికి రెప్పపాటు చాలు. గుచ్చితే శ్రుతి నా కాలి కిందికి వస్తుంది, కనీసం శ్రుతంటూ ఉంటుంది. గుచ్చకపోతే, నేను చదువుకున్న చదువు ప్రకారం, ఇప్పుడు పెట్టె మూగబోవాలి. ఊరందరి ముందు, హక్కు తేలే వేళ, ఆ కీబోర్డు మాస్టారు జాలిగా ఒక సా పలికించాలి. భయపడ్డాను. అది దాచను.

కానీ మా ఇంటి శ్రుతిని మా ఇంటివాళ్లే ఇస్తుంటే మధ్యలో నా కాలు అడ్డం పెట్టడం దేనికి?

తీగను తిరిగి పూల మీద పెట్టేశాను. కాలు పలక మీద నుంచి తీసి బల్ల కిందకు ముడుచుకున్నాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నడుము నిటారుగా నిలిపి, జనం వైపు చూస్తూ కూర్చున్నాను. దేన్నీ ముట్టుకోలేదు.

శ్రుతి వచ్చింది.

ఈసారి మొదటిసారి కన్నా నిండుగా వచ్చింది. సూరిబాబుగారు పడుచువాడిలా పాడారు. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకోబోతున్నారో ఆయనకన్నా ముందే దానికి తెలుసు. నేను తాతగారిని చూడలేదు, వినలేదు. కానీ ఆ కాసేపూ ఆ బల్ల మీద నా పుట్టింటి మనిషి పక్కన కూర్చున్నంత ధీమాగా కూర్చున్నాను. పద్యం అయ్యాక వచ్చిన చప్పట్లకు మైకు సెట్టు ఆయన బజ్జీ చేత్తోనే పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏమైందండీ, ఏమైందండీ" అన్నారు. ఆయన మిక్సరు దగ్గర అంతసేపూ ఎవరూ లేరు. దాని పక్కనే నిలబడిన మా వారిని తర్వాత అడిగాను, ఎవరూ ముట్టుకోలేదన్నారు.

ఊరి పెద్దాయన ఒకరు మైకులో, తొలి శ్రుతి దివాణానిదేనని, ఆ బల్ల గురించి ఇక ఎవరూ మాట్లాడొద్దని అన్నారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. కీబోర్డు మాస్టారు వచ్చి బల్ల అంచు ముట్టుకుని చెయ్యి కళ్లకద్దుకున్నారు. మంచివాడు. తర్వాత మెల్లగా అడిగారు.

"మేడమ్, శ్రుతి అలా లేచి వాలేలా ఆ ఎన్వలప్ ఎలా ప్రోగ్రాం చేశారండీ? నాకు నేర్పుతారా?"

"అది మా ఇంటి విషయమండి" అన్నాను. అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదు.

రాజమండ్రి వచ్చాక చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. తీగ తీసేసి గంటల తరబడి ముందు కూర్చున్నాను. నిశ్శబ్దం. మీటరు పెట్టి చూశాను. కంట్రోలు రంధ్రంలో సున్నా. వీసీఏ విప్పి సోల్డరింగు ప్రతి చుక్కా భూతద్దంతో చూశాను. తేడా లేదు. వీసీఏలు మూసి ఉన్నా కాస్త శబ్దం కారడం ఉంటుంది, నాకు తెలుసు. కానీ కారే శబ్దం ఒకే తీరుగా ఉంటుంది. అది మనిషి ఊపిరిని కనిపెట్టి లేవదు, వాలదు. టేకు పలక మహిమ అని మా ఆడపడుచు అంది. ఆ పలక అసలు కలిపే లేదు కదా అన్నాను. ఆవిడ చెంపలు వేసుకుని పులిహోర చేసి నైవేద్యం పెట్టింది. నేను పులిహోర తిన్నాను, అంతవరకే.

మరుసటి ఏడు ప్రెసిడెంటుగారు మళ్లీ వచ్చారు. ఈసారి పళ్లెంలో తాంబూలం పెట్టుకుని, ఆచారం ప్రకారం పిలవడానికి వచ్చారు. కాఫీ తాగారు. తీర్థం ఏర్పాట్లు చెప్పారు. లేవబోయి, మళ్లీ కూర్చున్నారు.

"అమ్మాయిగారూ, ఒక్క మాటండి. ఆ రోజు మీ పెట్టెకి ఒక తీగ ఊడిపోయి ఉందండి. దండలో వేలాడుతోంది. నేను పక్కనే నిలబడ్డాను కదాండీ, మొదటిసారి పాడుతుండగా మధ్యలోనే చూశాను."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెప్తే మీరు గుచ్చేస్తారేమోనని భయమేసిందండి."

"రెండోసారి పాడేటప్పటికి నాకూ తెలుసండి" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. నేనూ చూశాను. ఆయన వ్యాపారస్తుడు, నేను ఫిజిక్సు చెప్పినదాన్ని. ఆ రోజు ఆ తలుపును ఎత్తింది ఏమిటన్నది ఇద్దరమూ చెప్పలేకపోయాం. ఇప్పటికీ చెప్పలేను. చివరికి ఆయన లేచి తాంబూలం పళ్లెం రెండు చేతులా అందించారు. నేను లేచి నిలబడి అందుకున్నాను.